నొక్కింది ఒక్కసారే

ముట్టుకోకూడదు. రంగు మీద క్లియర్ వార్నిష్ కొట్టిన తరువాత గంటసేపు, ఎండ ఇలాగే కాస్తే గంట, మబ్బు పడితే ఇంకాస్త, వేలు కాదు కదా ఊపిరి కూడా దాని మీద పడకూడదు. ఈ మాట ఆమె భర్త నోట ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు. మోటారుసైకిలు ట్యాంకులకు రంగులు వేసి వేసి ఆయనకు అది ఊతపదమైపోయింది, ఇవాళ కూడా చెప్పాడు, ఆమెకు తెలియదన్నట్టు చెప్పి షెడ్డు ముందు భాగంలోకి వెళ్ళిపోయాడు. ఆమె వెనక గదిలో తలుపు దగ్గరగా వేసుకుని, దుమ్ము లేవకుండా నేల మీద నీళ్ళు చల్లి, ముక్కాలి పీట మీద కూర్చుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా బల్ల మీదున్న దాన్ని చూస్తోంది. కంప్యూటర్ మౌస్ పైడొప్ప, అంతే, గుప్పెట్లో పట్టే ప్లాస్టిక్కు ముక్క, దాని మీద చదరంగం గళ్ళు, నలుపూ తెలుపూ, గోడౌన్ మేనేజరు సార్‌కి చదరంగం అంటే ప్రాణమట, మధ్యాహ్నం భోజనం వేళ కంప్యూటర్‌తో ఆడుకుంటాడట, ఆ సంగతి ఆమెకు వీళ్ళు కొత్తగా చెప్పాలా, అదే గోడౌన్‌లో ఆయన బల్లకు ఎదురుబల్ల మీద ఎన్నేళ్ళు కూర్చుంది! గళ్ళ కింద, అరచెయ్యి ఆనేచోట, వాళ్ళు రాయమన్న అక్షరాలు రాసింది, వంకర పోకుండా, చుక్క పక్కకు జారకుండా, ‘చల్లని చేతికి’ అని. చల్లని చెయ్యట! ఎవరికి చల్లన, ఎప్పుడు చల్లన? ఆ రెండు మాటలూ రాస్తున్నంతసేపూ పళ్ళు నూరుతూనే ఉంది, కుంచె మాత్రం వణకలేదు. వణకలేదు, అది కావాలంటే ఎవరైనా వచ్చి భూతద్దం పెట్టి చూసుకోవచ్చు. చల్లని చేతికి అన్నది వాళ్ళు అడిగిన మాట. కుడి బటన్ మీద ఇంకో మాట ఉంది, అది ఎవరూ అడిగింది కాదు, ఆమె పొద్దున తనంతట తాను రాసింది, దాని మీద కూడా క్లియర్ పడింది కాబట్టి ఇక ఎవరు గీకినా పోదు.

సాయంత్రం సభ. సార్ రిటైరవుతున్నాడు, స్టాఫంతా కలిసి ఏదైనా కొత్తగా ఇద్దామనుకున్నారట, శాలువాలూ గడియారాలూ అందరూ ఇచ్చేవే కాబట్టి మౌస్ అయితే ఇంట్లో కూడా చదరంగం ఆడుకుంటాడని ఎవరికో తట్టిందట. ప్యాకింగ్ సెక్షన్‌లో అందరూ పెద్దన్న అని పిలిచే ఆయనే ఈ పని మీద పాతసామాన్ల కొట్టుకు వెళ్ళాడు, కొట్టాయన ఆమె పేరు చెప్పాడు, పాతవి విప్పి బాగుచేసి రంగులేసి కొత్తవాటికంటే బాగా ఇస్తుందని, అలా తిరిగి తిరిగి పని ఆమె గుమ్మానికే వచ్చింది. గుమ్మంలో ఆమెను చూసి పెద్దన్న గతుక్కుమన్నాడు. వెనక్కి పోవడానికి మొహం చెల్లక, ‘బాగున్నావా చెల్లెమ్మా, చాలా రోజులైంది’ అని నేల చూపులు చూశాడు. బాగున్నావా అట. బాగుండకేం, మీరంతా కలిసి బయటికి తోసిన తరువాత ఇంటి వెనక గదిలో కూర్చుని ఊళ్ళో వాళ్ళ చేతి మురికి కడుక్కుంటూ నిక్షేపంగా ఉన్నాను, అని నాలుక చివరిదాకా వచ్చింది. కాని పని పనే, రానివ్వమంది. మౌస్ మాత్రం నేనే ఏరుకుంటానంది.

ఎందుకంది? అప్పుడు అడిగితే మంచి పీసు కోసం అని చెప్పేది. కొట్టాయన దగ్గర గోడౌన్ వాళ్ళ పాత కంప్యూటర్ల సరుకంతా వచ్చి పడిందని ఆమెకు ముందే తెలుసు, వాళ్ళు కొత్తవి కొనుక్కుని పాతవన్నీ తూకానికి వేశారు. ట్రే నిండా మౌస్‌లు, తోకలు ఒకదానికొకటి చిక్కుకుని కుప్పగా పడి ఉన్నాయి. ఆమె ఒక్కొక్కదాన్నే తీసి, చూడ్డం లేదన్నట్టు చూస్తూ, బోర్లా తిప్పి అడుగు చూస్తూ పోయింది. ‘అన్నీ సెకండ్ హ్యాండేనమ్మా, ఏదైతేనేం?’ అన్నాడు కొట్టాయన. సెకండ్ హ్యాండ్ అంటే రెండో చెయ్యే కదా, అంటే ఎడమచెయ్యే, నాకు కావలసింది కూడా అదే అనుకుంది, పైకి అనలేదు. అడుగున మూలగా ఎర్రని గోళ్ళరంగు చుక్క, సగం అరిగి, మిగతా సగం మట్టికొట్టుకుపోయి కనిపించింది. తన చుక్కే. పక్క సెక్షన్ వాళ్ళు మార్చేసుకోకుండా తానే పెట్టుకున్న గుర్తు. అప్పటికి ఆమె మనసులో ఏ సాక్ష్యమూ లేదు, ఏ పగా లేదు, ఉన్నదల్లా చిన్న రోషం, నా వస్తువు ఇలా చెత్తలో ఎందుకుండాలి అని. కొంగులో దాచుకున్నట్టు పట్టుకుని ఇంటికొచ్చింది.

కడిగిన మురికి గురించి చెప్పాలంటే అసహ్యం వేస్తుంది కాని అందులో సగం తనదే కాబట్టి ఎవరినీ తిట్టడానికి లేదు. అడుగున అంటించిన నున్నని పట్టీలను వేడిగాలి చూపించి లేపితే వాటి కింద మరలు, మరలు తీస్తే రెండు డొప్పలు, మధ్యలో చక్రం, చక్రం చుట్టూ దుమ్మూ వెంట్రుకలూ చుట్టుకుని ముద్దగా కట్టి ఉన్నాయి. పైన పూసిన రబ్బరు పూత పాతబడి బంకలా సాగింది, స్పిరిట్‌తో రుద్ది రుద్ది అది వదిలించేసరికి కింద మెరిసే చోట్లు బయటపడ్డాయి. అందరి మౌస్‌లకీ బొటనవేలు ఆని అరిగే మెరుపు ఎడమపక్కన ఉంటుంది. దీనికి కుడిపక్కన ఉంది. ఆ మెరుపు మీద తన ఎడమ బొటనవేలు ఆనించి చూసుకుంది, అతికినట్టు సరిపోయింది. అప్పుడే ఏడుపొచ్చింది, అది కూడా కోపంతో వచ్చిన ఏడుపే, వాటర్ పేపర్ తీసుకుని ఆ మెరుపంతా పోయేదాకా రుద్దింది.

పుర్రచెయ్యి అనేది మేనత్త. పిల్ల బాగానే ఉంది కాని పుర్రచెయ్యి అని వచ్చిన వాళ్ళందరికీ ముందే చెప్పేది, వస్తువులో లోపం దాచకుండా చెప్పి అమ్మే వ్యాపారిలాగా. పలక ఆ చేత్తో పట్టు, బలపం ఈ చేత్తో పట్టు, ఆ చెయ్యి కాదు ఈ చెయ్యి, ఎన్నిసార్లో! అమ్మ ఒక్కతే ఏమీ అనలేదు. అన్నం పెట్టేటప్పుడు అందరికీ మంచినీళ్ళ గ్లాసు ఒకపక్క పెట్టేది, ఆమెకు మాత్రం రెండోపక్క పెట్టేది, అంతే, దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు, మేనత్త ఇటు జరిపితే అమ్మ వంటగదిలోంచి వచ్చి మళ్ళీ అటు జరిపేది. ఆ గ్లాసు అలా అటూ ఇటూ జరగడం ఇప్పటికీ కళ్ళముందు కనిపిస్తుంది. గోడౌన్‌లో చేరిన రోజున కంప్యూటర్‌లో బటన్లు ఎడమచేతికి మార్చుకోవచ్చని ఎవరో చూపిస్తే అమ్మ వచ్చి గ్లాసు జరిపినంత సంతోషం కలిగింది. మౌస్ ఎడమపక్కకు తెచ్చుకుంది, చూపుడువేలు కుడి బటన్ మీద పడేది, మిగతా లోకానికి ఎడమ బటన్ చేసే పని ఆమెకు కుడి బటన్ చేసేది. ఆ బల్ల దగ్గర కూర్చున్నప్పుడు ఆమె పుర్రచెయ్యి కాదు, చెయ్యి తిరిగిన మనిషి, అందరికంటే ముందు ఆమె పనే అయిపోయేది.

కుళాయిల గోడౌన్. కుళాయిలు, షవర్లు, పైపుల బిగింపులు, అట్టపెట్టెలు పైకప్పు దాకా. కొట్లనుంచి ఆర్డర్లు వస్తాయి, ఆమె సరుకు చూసి ‘పంపు’ అనే గడి మీద నొక్కితే లోపల ప్యాకింగ్‌కు కాగితం వెళ్తుంది, పెద్దన్న వాళ్ళు పెట్టె కట్టి లారీ ఎక్కిస్తారు. ఒకసారి నొక్కితే ఒక పెట్టె. మరి ఆమె ఒకసారి నొక్కినప్పుడు రెండు పెట్టెలు ఎందుకు వెళ్ళాయి? రోజూ కాదు, ప్రతిసారీ కాదు, ఎప్పుడో ఒకప్పుడు, అదే ఆర్డరు రెండోసారి లోపలికి పోయేది. రెండో పెట్టె అందుకున్న కొట్లలో కొందరు మంచివాళ్ళు, ఫోన్ చేసి చెప్పారు. ఎక్కువమంది నోరు మెదపలేదు. సరుకు తగ్గుతోంది, సరుకు ఎక్కడికి పోతోంది అని గోడౌన్‌లో గుసగుసలు మొదలయ్యాయి. నేను ఒక్కసారే నొక్కానని ఆమె అంటే, ఎవరో నవ్వి ‘ఎంత నొక్కావో నీకు తెలియాలి’ అన్నారు. ఆ నొక్కడం వేరు, ఈ నొక్కడం వేరు. కాని మాట దొరికితే చాలు కదా జనానికి! ఇంకేముంది, పొద్దున రాగానే ‘ఇవాళేం నొక్కుతున్నావు చెల్లెమ్మా’, వెళ్ళేటప్పుడు ‘నొక్కింది చాల్లే, ఇంటికి పద’. పెద్దన్న కూడా అన్నాడు. ఎవరు అనకపోయినా ఆయన అనకుండా ఉంటాడనుకుంది. మొదట్లో ఆమె కూడా నవ్వింది, అదే తలుచుకుంటే ఇప్పుడు తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది.

కంప్యూటర్లు బాగుచేసేవాడిని పిలిపించారు. వాడొచ్చి కుర్చీలో కూర్చుని చేసిన మొదటి పని ఏమిటంటే మౌస్‌ను కుడిపక్కకు లాక్కుని బటన్లు మామూలుగా మార్చుకోవడం. ఎడమచేత్తో వాడికి రాదు మరి. మామూలుగా పెట్టుకుని తన కుడిచేత్తో ఎడమ బటన్ నొక్కాడు, టిక్కు, టిక్కు, టిక్కు, ఒకటికి ఒకటి, తేడా లేదు. ‘మౌస్ బంగారంలా ఉంది సార్. లోపం మనిషి చేతిలో ఉంది’ అని సంచీ తగిలించుకుని వెళ్ళిపోయాడు. ఆమె వేలు పెట్టని బటన్ నొక్కి ఆమె వేలిలో లోపం ఉందని తేల్చాడు! ఇది ఇప్పుడు, ఈ పూట, ఈ పీట మీద కూర్చుని చూస్తే చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే సంగతి, ఆ రోజు ఆ గదిలో ఉన్న ఇంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. వాళ్ళ సంగతి సరే. తనకెందుకు తట్టలేదు? ఎందుకంటే నమ్మింది కాబట్టి. చిన్నప్పటినుంచీ ఆ చెయ్యి తప్పు, ఆ చెయ్యి తప్పు అని విని విని ఉంది కాబట్టి, లోపం చేతిలో ఉందనగానే లోపల ఎక్కడో మేనత్త గొంతు ‘నేను చెప్పలా’ అంది. ఇంటికొచ్చి చెయ్యి ముందుకు చాపి వేళ్ళు వణుకుతున్నాయేమో చూసుకునేది. డాక్టర్ దగ్గరకు వెళ్ళింది, ఆయన వేళ్ళు మడిచీ చాపీ చూసి ఏమీ లేదమ్మా అన్నాడు, ఏమీ లేదంటే ఆయనకు తెలియలేదనుకుంది. తనతోపాటు పుట్టిన చేతిని తానే అనుమానించింది. ఈ పాపం ఎవరి ఖాతాలో వెయ్యాలి?

ఇక ఆ ఫోను. పైఆఫీసు నుంచి ఫోను వచ్చిన రోజు సార్ తలుపు తెరిచే ఉంది, ఆమె తన బల్ల దగ్గర కూర్చుని అంతా విన్నది. లైను సరిగా లేదు, సార్ అరుస్తున్నాడు. ‘ఎడమ సార్... ఎడమ... ఆమెది ఎడమ చేతివాటం సార్, అందుకని ఒక్కోసారి తప్పు పడుతోంది’ అన్నాడు. అవతల ఏం వినిపించిందో సార్ మొహంలో కనిపించింది. ఎడమ అన్న మాట తీగల్లో ఎక్కడో జారిపోయింది. అవతలి చెవికి చేరింది చేతివాటం ఒక్కటే. ఎడమ చేతివాటం అంటే పుట్టుకతో వచ్చింది, ఉత్త చేతివాటం అంటే దొంగతనం, ఆ ఒక్క మాట ఉంటే ఆమె ఎడమచేతి మనిషి, ఆ ఒక్క మాట లేకపోతే దొంగ. సార్ ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణం ఆమెకు బాగా గుర్తుంది, ఫ్యాను తిరుగుతోంది, సార్ పెన్ను మూత తీసి పెడుతున్నాడు. ఆ మాట మళ్ళీ పెడతాడనుకుంది, ‘చేతివాటం కాదు సార్, ఎడమ’ అంటాడనుకుంది, ఎంతసేపు పడుతుంది ఆ మాట అనడానికి? ‘అవున్సార్’ అన్నాడు. ‘అవున్సార్... చేతివాటమే సార్... చూస్తాను సార్.’ అబద్ధం ఆడాడని ఎవరూ అనలేరు, ఆయన ఆడలేదు కూడా, జారిపోయిన ఒక మాటను తిరిగి దాని చోట్లో పెట్టలేదు, అంతే. పెట్టకపోతే తగ్గిన సరుకుకంతా ఒక జవాబు దొరికింది, పైవాళ్ళు చల్లబడ్డారు. చల్లని చెయ్యి కదా! సాయంత్రం ఆమెను పిలిచి ‘రేపటినుంచి రావద్దన్నారమ్మా. నా చేతుల్లో ఏమీ లేదు’ అన్నాడు. చేతులు దులుపుకుని చదరంగం తెరుచుకున్నాడు.

ఆ జారిపోయిన మాటే ఇవాళ ఆమె కుడి బటన్ మీద రాసింది. ‘ఎడమ’ అని. సన్నని కుంచెతో, చల్లని చేతికి అన్న అక్షరాలకంటే అందంగా.

తరువాత ఇంకో చోటుకు పనికి వెళ్తే అక్కడి ఆయన అంతా విని, పాత చోటు పేరు విని, ‘ఓ, మీరేనా’ అన్నాడు. ఆ మీరేనాలో అంతా ఉంది. తోడికోడలు ఇంటికి వెళ్తే మాటల మధ్యలో ఆవిడ లేచి లోపలి గదిలోకి వెళ్ళింది, బీరువా తాళం తిరిగిన చప్పుడైంది, తిరిగొచ్చి నవ్వుతూ కూర్చుంది, ఏమీ జరగనట్టు ఇంకా కాస్త కాఫీ పొయ్యనా అంది. పోనీ వాళ్ళంతా బయటివాళ్ళు. ఇంట్లో, ఈ మనిషి, ఈ ముట్టుకోకు ముట్టుకోకు అనే మనిషి, ఉద్యోగం పోయిన వారానికో ఎప్పుడో భోంచేస్తూ భోంచేస్తూ తల ఎత్తకుండా అడిగాడు, ‘నువ్వేమీ తియ్యలేదు కదా?’ ఆమె లేచి వెళ్ళి గిన్నెలు కడిగింది. ఆ తరువాత ఆయన ఆ మాట ఎత్తలేదు, తన పనంతా ఆమెకు నేర్పాడు, అరగదీయడం, ప్రైమర్, కోటు మీద కోటు, అన్నీ ఓపికగా నేర్పాడు, మంచివాడే, లోకం దృష్టిలో చాలా మంచివాడు. కాని అడిగాడు కదా. అడిగిన మాట అడిగినట్టే ఉండిపోయింది, ఒకే మంచం మీద ఇద్దరి మధ్యలో అది కూడా పడుకుంటుంది.

ఇవన్నీ ఇంతవరకు ఒక ఎత్తు. పొద్దున జరిగింది ఒక ఎత్తు. గళ్ళు వేయడం అయింది, అక్షరాలు రాయాలి, ఈలోగా లోపలి సర్క్యూట్ పలక పని చేస్తోందో లేదో చూద్దామని డొప్పలు లేకుండా ఉత్త పలకనే మూలనున్న కంప్యూటర్‌కు తగిలించింది, ఆయన డిజైన్లు చూసుకునే పాత కంప్యూటర్. అలవాటు కొద్దీ బటన్లు ఎడమచేతికి మార్చుకుంది. ఫోల్డర్ మీద బాణం నిలిపి, బటన్ కింద ఉండే ఆ చిన్న నల్లని స్విచ్చిని నేరుగా వేలితో నొక్కింది. ఒకసారి నొక్కితే దాని రంగు మారాలి, రెండుసార్లు నొక్కితే తెరుచుకోవాలి. ఒకసారి నొక్కింది. తెరుచుకుంది. చెయ్యి తీసేసింది. మూసి, మళ్ళీ నొక్కింది, మామూలుగా ఉంది. మళ్ళీ, మళ్ళీ, తెరుచుకుంది. స్విచ్చి మూత లేపి చూస్తే లోపలి సన్నని రాగిరేకు నల్లబడి బద్దకంగా వంగిపోయి ఉంది, ఒకసారి నొక్కితే అది తిన్నగా తగలకుండా ఎగిరి ఇంకోసారి తగులుతోంది. ఎడమవైపు స్విచ్చి మాత్రం కొత్తదానిలా ఉంది, ఆమె దాన్ని ఎప్పుడు వాడిందని! లోపం మనిషి చేతిలో లేదు. వేలి కింద ఉంది. ఇన్నాళ్ళూ చెత్తకుప్పలో ఉంది. ఆమె కుర్చీలో వెనక్కి వాలి తన ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుంది, ఆపరేషన్ నుంచి బయటికి వచ్చిన వాళ్ళ చేతిని పట్టుకున్నట్టు, క్షమించమని అడిగింది. ఆ వెంటనే కోపం వచ్చింది, అలాంటి కోపం ఆమెకు పుట్టాక రాలేదు.

మరి ఇప్పుడేం చెయ్యాలి? మూత మళ్ళీ పెట్టేసిన స్విచ్చి పలక మీద ఉంది, పక్కన కవర్లో కొత్త స్విచ్చి ఉంది, సోల్డరింగ్ ఐరన్ ఉంది. మార్చేస్తే నిమిషాల్లో పని, మౌస్ కొత్తదానికంటే బాగుంటుంది, సాక్షి మాత్రం పోతుంది, ఊడదీసిన స్విచ్చిని చేత్తో పట్టుకుని ఇదిగో అని చూపిస్తే ఎవరు నమ్ముతారు, ఏ స్విచ్చో తెచ్చి చూపిస్తోందంటారు. మార్చకుండా పంపిస్తే? సార్ కుడిచేతి మనిషి, ఎడమ బటన్ నిక్షేపంలా ఉంది, ఆయన బతికినన్నాళ్ళూ చదరంగం ఆడుకున్నా ఆ లోపం బయటపడదు. ఆయన చేతికింద తన అమాయకత్వం అలా పడి ఉంటుంది, ఆయనకు తెలియకుండా. పోనీ రెండు స్విచ్చులూ అటుదిటు మార్చి బిగిస్తే? ఆయన వేలికిందే రేకు ఎగిరితే? ఒక బంటు కదపబోతే రెండు కదిలితే, అందరూ నీ చెయ్యి వణుకుతోందని నవ్వితే? ఈ ఆలోచన కొంతసేపు ఆమెకు మహా తియ్యగా ఉంది, దాన్ని బుగ్గన పెట్టుకుని చప్పరించింది కూడా. కాని ఆ వెంటనే తెలిసింది వాళ్ళేమంటారో. ఎవరు చేశారిది, ఆమేనా, ఇంకేం, ఆమె చెయ్యి అంతే అంటారు. ఛీ, నా చేతిమీదుగా చెడిపోయిన వస్తువు బయటికి పోవడమేమిటి! వాళ్ళు వేసిన నింద నిజం చెయ్యడానికి నేనెందుకు కూలి చెయ్యాలి? మబ్బేదో అడ్డం వచ్చి గదిలో వెలుగు తగ్గి మళ్ళీ పెరిగింది, క్లియర్ మీద కిటికీ చువ్వల నీడ కనిపిస్తోంది, ఆరుతోంది.

తలుపు కిర్రుమంది. ఆయన తల లోపలికి పెట్టాడు, చేతికి ఎర్రరంగు, ఏదో ట్యాంకు మధ్యలో వదిలేసి వచ్చినట్టున్నాడు.

‘ముట్టుకోలేదు కదా?’

ఆ కదా. అదే కదా, అదే తీరు, అదే తల వంచుకోవడం. ఆమె లేచి నిలబడింది. పీట వెనక్కి పడింది.

‘లేదు. ముట్టుకోలేదు. తియ్యలేదు. నొక్కెయ్యలేదు. ఇలా రండి.’

‘ఏమైంది?’

‘చేతులు తుడుచుకుని రండి ముందు.’

ఆయన పాంటుకు తుడుచుకుంటూ వచ్చాడు. ఆమె ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. ముందు మామూలుగా పెట్టి ఎడమవైపు స్విచ్చి నొక్కమంది. నొక్కాడు, ఒకటికి ఒకటి. ‘ఆ రోజు వాడు చూసింది ఇదే’ అంది. తరువాత బటన్లు మార్చి కుడివైపు స్విచ్చి చూపించింది. ‘ఇది నా వేలు పడేది. ఎడమచేత్తో నొక్కండి.’ ఆయన ఎడమచెయ్యి ఎత్తాడు, ఎక్కడ పెట్టాలో తెలియక తడబడ్డాడు. నొక్కాడు. ఏమీ కాలేదు, రంగు మారింది అంతే. మళ్ళీ నొక్కాడు. అంతే. ఈ సాక్షి కూడా అడ్డం తిరుగుతుందా, ఇంత దూరం వచ్చి ఈ రేకుముక్క కూడా నాకు చెయ్యిస్తుందా అనుకుంది. ‘నొక్కుతూ ఉండండి’ అంది. ఆయన ఇంకోసారి నొక్కాడు. ఫోల్డర్ తెరుచుకుంది.

ఆయన తెరకేసి చూశాడు, స్విచ్చికేసి చూశాడు, తన వేలికేసి చూశాడు. మూసి మళ్ళీ నొక్కాడు, ఆమె చెప్పకుండానే, మళ్ళీ మళ్ళీ, అది తెరుచుకున్నప్పుడల్లా ఆయన మెడ కాస్త వంగింది. కుళాయిల పెట్టెలు ఆయన కళ్ళముందు లారీ ఎక్కుతున్నాయేమో.

‘నువ్వు ఒక్కసారే నొక్కావు’ అన్నాడు చివరికి.

‘ఆ సంగతి నేను అప్పుడే చెప్పాను.’

‘ఆ రోజు నేను అలా అడగకుండా ఉండాల్సింది.’

‘అడిగారు కదా’ అంది. ఆ కదా ఆయనకు తగిలింది, తగలాలనే అంది. పోనీలెండి అనలేదు, అనాలనిపించలేదు, అనాలనిపించినప్పుడు అంటుంది, తొందరేముంది. కాని పడిపోయిన పీటను ఆయన లేవనెత్తి పెడితే మాత్రం దాని మీద కూర్చుంది.

క్లియర్ ఆరింది. డొప్ప లోపలి అంచున, ఎవరికీ కనిపించనిచోట గోటితో నొక్కి చూసింది, గుర్తు పడలేదు. పలకను కింది డొప్పలో కూర్చోబెట్టింది, కొత్త స్విచ్చి వేయకుండానే. పై డొప్ప మూసింది, మరలు బిగించింది. నున్నని పట్టీలు మాత్రం అంటించలేదు, అందరూ చూశాక అక్కడే మరలు విప్పి స్విచ్చి మార్చాల్సిన పని ఉంది. కొత్త స్విచ్చి, సోల్డరింగ్ ఐరన్, స్క్రూడ్రైవరు, పట్టీల కవరు చేతిసంచిలో వేసుకుంది. ఆయన ఏమీ అడగకుండా ముందుకు వెళ్ళి మోటారుసైకిలు బయటికి తీశాడు.

అప్పటికే పెద్దన్న గుమ్మంలో ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, రంగుకాగితం చుట్టిన ఖాళీ డబ్బా చేత్తో పట్టుకుని. ఆమె మౌస్ చూపించింది. ‘అబ్బ, ఎంత బాగుంది చెల్లెమ్మా! చల్లని చేతికి... సార్ కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు చూడు’ అంటూ అటూ ఇటూ తిప్పి చూశాడు. ఉన్నట్టుండి ఆగాడు.

‘ఇదేంటి, కుడి బటన్ మీద ఎడమ అని రాశావు? పొరపాటున తిరగేసి రాశావా?’

‘తిరగేసి కాదన్నా. ఆ రోజు సార్ ఫోన్లో ఒక మాట జారిపోయింది. దొరికింది, తెచ్చిస్తున్నాను.’

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. అర్థమవుతున్నకొద్దీ మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. ఇవాళేం నొక్కుతున్నావు చెల్లెమ్మా అని రోజూ అడిగిన మనిషి డబ్బా మూత తీసి ఆమె ముందు పట్టుకున్నాడు, ఆమె మౌస్ అందులో పెట్టలేదు.

‘నేనే వచ్చి ఇస్తాను.’

‘నువ్వా? అక్కడ... పైఆఫీసు వాళ్ళు కూడా వస్తున్నారమ్మా. అందరూ ఉంటారు.’

‘అందరూ ఉండాలి. కంప్యూటర్ ఒకటి ఉంటే చాలు.’

‘గొడవ పెట్టుకుంటావా చెల్లెమ్మా, ఆయన వెళ్ళిపోయే రోజున? ఏమంటావు ఆయన్ని?’

‘ఏమీ అనను. బటన్లు నాకు కావలసినట్టు పెడతాను. సార్‌ని ఎడమచేత్తో నొక్కమంటాను’ అంది. మోటారుసైకిలు ఎక్కి, సంచి భుజానికి తగిలించుకుని, మౌస్‌ను ఎడమచేతి గుప్పెట్లో పట్టుకుంది, ఆరిన రంగు చల్లగా తగిలింది.

‘మొదటిసారి ఏమీ కాకపోవచ్చన్నా. ఒకటి రెండయ్యేదాకా నొక్కమంటాను.’